పదిమందిలో పాము చావదు: ఆపద ఎదురైతే గుంపు ఎందుకు నిలబడి చూస్తుంది?

నెలకో వీడియో వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. సీసీ కెమెరా దృశ్యం. రోడ్డు మీద ఎవరో పడి ఉంటారు, పక్క నుంచి బళ్లు పోతుంటాయి, నలుగురైదుగురు ఆగి చూసి వెళ్లిపోతారు. కింద రాసే మాట మాత్రం ఎప్పుడూ ఒకటే: "మానవత్వం మంటగలిసింది."

కానీ 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వీధుల్లో గుండెలోతు నీళ్లకు ఎదురు నడిచి, ముక్కూమొహం తెలియని ముసలివాళ్లను భుజాల మీద మోసుకొచ్చింది ఎవరు? బెంజ్ సర్కిల్ దగ్గర బండి ఆపకుండా పోయేదీ బెజవాడ జనమే, ఆ నీళ్లలోకి దిగిందీ బెజవాడ జనమే. మానవత్వం ఉందా పోయిందా అని ఎంతసేపు వాదించుకున్నా ఈ చిక్కు విడదు. మనస్తత్వశాస్త్రం ఇక్కడ ఇంకో ప్రశ్న వేస్తుంది. ఒకే మనిషి ఒక చోట కదిలి, ఇంకో చోట ఎందుకు కదలడు?

బైస్టాండర్ ఎఫెక్ట్ అంటే

ఆపద ఎదురైనప్పుడు పక్కన వేరేవాళ్లు కూడా ఉంటే, తానొక్కడే ఉన్నప్పటికంటే మనిషి సాయానికి ముందుకు రావడం తగ్గుతుంది, లేదా ఆలస్యమవుతుంది. దీన్నే బైస్టాండర్ ఎఫెక్ట్ అంటారు. చూపరుల ప్రభావం అనుకోవచ్చు. ఇది ఒక్కొక్క మనిషి గురించి చెప్పే మాట. మొత్తం గుంపు గురించి కాదు. ఈ తేడా ఇప్పుడు చిన్నదిగా కనిపిస్తుంది గానీ, అసలు మెలిక ఉన్నది దీని దగ్గరే.

మన పెద్దవాళ్లు ప్రయోగశాలలేవీ లేకుండానే దీన్ని పట్టుకున్నారు. పదిమందిలో పాము చావదు అన్నారు. ఒక్కడే ఉంటే కర్ర అందుకుంటాడు. పదిమంది ఉంటే నువ్వు కొడతావులే అని వాడు, వాడు కొడతాడులే అని నువ్వు అనుకునేలోపు పాము పొదలోకి జారుకుంటుంది. ఊళ్లో అందరూ తలా చెంబెడు పాలు గంగాళంలో పోయాలని రాజుగారు చాటింపు వేయిస్తే, తెల్లారేసరికి గంగాళం నిండా నీళ్లే ఉన్న కథ కూడా ఈ కోవదే. కాకపోతే ఆ కథలో ఊరివాళ్లు కావాలనే మోసం చేశారు. పాము దగ్గర మోసం లేదు. అందరూ మంచివాళ్లే, అందరికీ పాము చావాలనే ఉంది, అయినా చావలేదు. మనకు కావలసింది పాము కథే.

బీసెంట్ రోడ్డులో ఒక మధ్యాహ్నం

ఒక మే నెలలో పెళ్లి బట్టల కోసం బీసెంట్ రోడ్డుకు వెళ్లాను. ఎండ సంగతి బెజవాడవాళ్లకు చెప్పక్కర్లేదు. ఒక షాపు మెట్ల మీద యాభై దాటిన మనిషి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయాడు. నేను పది అడుగుల దూరంలో చెరుకురసం తాగుతున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, నేను కదల్లేదు. నా పక్కాయన "పొద్దున్నే వేసినట్టున్నాడు" అన్నాడు. నేను మిగతావాళ్ల మొహాలు చూశాను. ఎవరి మొహంలోనూ కంగారు లేదు. వాళ్లూ నా మొహం చూసే ఉంటారు. నా మొహంలో చెరుకురసం తప్ప ఏముంటుంది?

నిమిషం గడిచిందో, రెండు గడిచాయో. పూలమ్మే ఆవిడ బుట్ట దించి, "ఏమయ్యా, గ్లాసు పట్టుకున్నాయనా! చూస్తావేంటి, ఇటొచ్చి కాళ్లు పట్టు" అంది. నన్నే. గ్లాసు అక్కడే పెట్టేసి పరిగెత్తాను. నాతోపాటు ఇంకో ముగ్గురు వచ్చారు. నీడలోకి చేర్చాం, ఒకాయన 108కి ఫోన్ చేశాడు. ఆ మనిషి దగ్గర మందు వాసన లేనే లేదు. జేబులో షుగరు మాత్రల పట్టీ ఉంది.

ఆ రెండు నిమిషాల్లో నా బుర్రలో ఏం జరిగిందో చెప్పే నమూనా ఒకటి ఉంది. అమెరికా మనస్తత్వవేత్తలు జాన్ డార్లీ, బిబ్ లటానే చెప్పింది. సాయం చేసే దాకా మనిషి ఐదు మెట్లు దాటాలి. ముందు సంగతి కంటపడాలి. ఇది ఆపదే అని తేలాలి. ఇది నా పని అనిపించాలి. ఏం చేయాలో తెలియాలి. చివరికి చేయడానికి తెగించాలి. ఏ మెట్టు దగ్గర ఆగినా, బయటినుంచి చూసేవాడికి ఒకేలా కనిపిస్తుంది: నిలబడి చూస్తున్నాడు. నేను రెండో మెట్టు దగ్గరే ఆగిపోయాను. ఆవిడ కేక ఒక్కసారిగా రెండు, మూడు, నాలుగు మెట్లు దాటించేసింది. ఇది ఆపదే, పని నీదే, కాళ్లు పట్టు.

పాఠాల్లోకెక్కిన హత్య, అందులో సగం అబద్ధం

ఈ పరిశోధనకు మూలం ఒక నేరం. 1964 మార్చి 13 తెల్లవారుజామున న్యూయార్క్‌లోని క్వీన్స్ ప్రాంతంలో కిటీ జెనోవీస్ అనే 28 ఏళ్ల యువతిని ఆమె ఉండే భవనం దగ్గరే ఒక దుండగుడు కత్తితో పొడిచి చంపాడు. రెండు వారాలకు న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో వచ్చిన కథనం దేశాన్ని కుదిపేసింది. 38 మంది ఇరుగుపొరుగు అరగంటకు పైగా కిటికీల్లోంచి చూస్తూ ఉండిపోయారని, ఆ సమయంలో ఒక్కరూ పోలీసులకు ఫోన్ చేయలేదని దాని సారాంశం. మహానగరంలో మనుషులు రాళ్లయిపోయారని ఉపన్యాసాలు మొదలయ్యాయి.

తర్వాత తవ్విచూస్తే కథ అలా లేదు. మొత్తం దాడిని చూసినవాళ్లు 38 మంది లేరు. చాలామందికి అరుపు వినపడిందే తప్ప ఏం జరుగుతోందో తెలియలేదు. ఒకాయన కిటికీలోంచి గద్దించడంతో దుండగుడు మొదట పారిపోయాడు కూడా. అతను తిరిగొచ్చి చేసిన రెండో దాడి భవనం వెనక లోపలి వసారాలో జరిగింది, అక్కడికి చాలా కిటికీల నుంచి చూపు ఆనదు. పొరుగింటామె ఒకరు ప్రమాదమని తెలిసీ పరిగెత్తుకొచ్చి, చివరి క్షణాల్లో కిటీని చేతుల్లో పట్టుకుంది. అత్యవసరానికి 911 అనే నంబరే అప్పటికి లేదు. 2007లో ముగ్గురు బ్రిటిష్ మనస్తత్వవేత్తలు ఈ తప్పులన్నీ ఒక పరిశోధనా పత్రంలో బయటపెట్టారు. 2016లో హంతకుడు జైల్లో చనిపోయినప్పుడు, తమ పాత కథనంలో లోపాలున్నాయని న్యూయార్క్ టైమ్స్ కూడా ఒప్పుకుంది.

కథ తప్పయితే సిద్ధాంతం కూడా తప్పేనా? కాదు. ఆ కథ చదివి డార్లీ, లటానే చేసిన ప్రయోగాలు దాని మీద ఆధారపడినవి కావు.

ఫిట్స్ వచ్చిన గొంతు: లెక్క వేసి చూస్తే

1968లో వాళ్లు చేసిన ప్రయోగం ఇది. విద్యార్థిని ఒక గదిలో ఒంటరిగా కూర్చోబెడతారు. వేరే గదుల్లో ఉన్న విద్యార్థులతో మైకులో మాట్లాడాలి. మొహాలు కనపడవు. మధ్యలో ఒక గొంతు తడబడుతుంది, ఫిట్స్ వస్తున్నాయని, సాయం కావాలని వేడుకుంటుంది. నిజానికి ఆ గొంతులన్నీ టేపులో రికార్డు చేసినవి. ఇతను బయటికొచ్చి ఎవరికైనా చెబుతాడా లేదా అన్నదే పరీక్ష.

రోగి మాటలు వింటున్నది తనొక్కడే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది ఆ గొంతు ఆగిపోయేలోపే లేచి వెళ్లారు. ఇంకొకరు కూడా వింటున్నారని నమ్మినప్పుడు అది 62 శాతానికి, మరో నలుగురు వింటున్నారని నమ్మినప్పుడు 31 శాతానికి పడిపోయింది. లేవనివాళ్లు రాతిగుండెవాళ్లేం కాదు. తర్వాత గదిలోకి వెళ్లి చూస్తే చాలామందికి చేతులు వణుకుతున్నాయి, అరచేతులు చెమటతో తడిసిపోయాయి. "అతనికి బాగానే ఉందా?" అని వాళ్లే అడిగారు.

దీన్ని 'బాధ్యత పలచబడటం' అంటారు. మంది ఎక్కువైతే మజ్జిగ పలచనైనట్టే. ఇంకెవరో చెప్పే ఉంటారులే అన్న ఊహ ఒక్కటే దీనికి చాలు. ఎదురుగా ఎవరూ కనిపించనక్కర్లేదు.

ఇక్కడే ఒక చిన్న లెక్క వేద్దాం. పాఠ్యపుస్తకాలు సాధారణంగా దీని జోలికి వెళ్లవు. ఐదుగురు వింటున్నారు, ఒక్కొక్కరు లేచే అవకాశం 31 శాతం. అంటే ఒక్కొక్కరు లేవకపోయే అవకాశం 69 శాతం. ఐదుగురిలో ఏ ఒక్కరూ లేవకపోవాలంటే 0.69ని ఐదుసార్లు గుణించాలి. వచ్చేది సుమారు 0.16. అంటే కనీసం ఒక్కరైనా లేచే అవకాశం 84 శాతం. ఒక్కడే ఉన్నప్పటి 85కీ దీనికీ తేడా ఎంత? ఇద్దరున్నప్పుడు, 62 శాతం చొప్పున వేస్తే, 86 వస్తుంది. అంటే లేవాల్సిన మనిషి కోణం నుంచి చూస్తే బాధ్యత బాగా పలచబడింది. ఫిట్స్ వచ్చినవాడి కోణం నుంచి చూస్తే, వినేవాళ్లు పెరిగినా అతనికి సాయం అందే అవకాశం దాదాపు అంతే ఉంది. "ఎంతమంది ఉంటే అంత ప్రమాదం" అని ఈ ప్రయోగం ఆధారంగా రాసేవాళ్లు ఈ రెండు కోణాలనూ కలిపేస్తున్నారు.

పొగ నిండిన గది: మొహాలు చూసుకుంటే లెక్క తారుమారు

అదే ఏడాది ఇద్దరూ ఇంకో ప్రయోగం చేశారు. గదిలో కూర్చుని ఫారం నింపుతుంటే గోడలోని కంతలోంచి పొగ రావడం మొదలవుతుంది. ఒంటరిగా ఉన్నవాళ్లలో 75 శాతం మంది బయటికొచ్చి చెప్పారు. గదిలో ఉన్న మరో ఇద్దరు పరిశోధకుల మనుషులై, పొగ చూసి కూడా భుజాలెగరేసి రాసుకుంటూ కూర్చుంటే, 10 శాతం మందే లేచారు. మిగతావాళ్లు కళ్లు మండుతున్నా, దగ్గుతున్నా చేత్తో పొగ తోసుకుంటూ ఫారం నింపారు.

ముగ్గురూ ఏమీ తెలియని మామూలు విద్యార్థులే అయినప్పుడు? పైన వేసిన లెక్కే వేస్తే ముగ్గురిలో కనీసం ఒక్కరైనా లేచే అవకాశం 98 శాతం ఉండాలి. నిజంగా ఎవరో ఒకరు లేచింది 38 శాతం గుంపుల్లోనే. ఇక్కడ నష్టం గుంపు మొత్తానికి తగిలింది. ఎందుకంటే ఒకరి మొహం ఒకరికి కనిపిస్తోంది. ప్రతివాడూ లోపల కంగారుపడుతూ, పైకి మామూలుగా ఉండి, పక్కవాడి మామూలు మొహం చూసి "ఏమీ లేదేమో" అనుకున్నాడు. నలుగురితో నారాయణ. బీసెంట్ రోడ్డులో నా కథ ఇదే. అక్కడ నా బాధ్యత పలచబడటానికి ముందే అది ఆపద అన్న అర్థం పలచబడింది.

నలుగురిలో నవ్వులపాలవుతామన్న భయం కూడా దీనికి తోడవుతుంది. పరిగెత్తుకెళ్లి లేపితే, వాడు నిజంగానే తాగి ఉండి మన చొక్కా పట్టుకుంటే?

తాగాడేమో, టైమైపోతోంది, పోలీసులొస్తారేమో

తాగాడేమో అన్న అనుమానాన్ని కొలిచినవాళ్లున్నారు. 1969లో ఇర్వింగ్ పిలియావిన్ బృందం న్యూయార్క్ మెట్రో రైల్లో ఒక మనిషిని కావాలని కింద పడేట్టు చేసింది. చేతిలో కర్ర ఉన్నవాడిగా పడితే 95 శాతం సార్లు ప్రయాణికులు వాళ్లంతట వాళ్లే లేపారు. మందు వాసనతో, సీసా పట్టుకుని పడితే సగం సార్లే. ఇంకో విశేషం, పెట్టెలో జనం ఎక్కువ ఉన్నందువల్ల సాయం ఆలస్యం కాలేదు. రైలు పెట్టెలో అందరికీ అంతా కళ్లముందే కనిపిస్తుంది, తప్పించుకుపోవడానికి దారీ ఉండదు. డార్లీ, లటానే చెప్పినది అన్ని చోట్లా ఒకేలా పనిచేయదని అప్పుడే తేలింది.

తొందర సంగతి ఇంకా తమాషా. 1973లో డార్లీ, డేనియల్ బాట్సన్ కలిసి ప్రిన్‌స్టన్‌లో మతబోధకులుగా చదువుకుంటున్న 40 మంది విద్యార్థులను ఒక భవనం నుంచి ఇంకో భవనానికి ప్రసంగానికి పంపారు. దారిలో ఒక మనిషి మూలుగుతూ ఒరిగి ఉన్నాడు. తీరిక ఉన్నవాళ్లలో 63 శాతం మంది ఆగారు. ఆలస్యమైపోయిందని చెప్పి పంపినవాళ్లలో ఆగింది 10 శాతమే. వాళ్లలో కొందరు ప్రసంగించబోతున్న అంశం, దారిలో గాయపడ్డవాడికి సాయం చేసిన మంచి సమరయుని కథే! అంశం వల్ల చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పొద్దున్న తొమ్మిదిన్నరకు బెంజ్ సర్కిల్ దాటుతున్నవాళ్లను తిట్టేముందు ఈ ప్రయోగం గుర్తుకు రావడం మంచిది.

మూడోది అమెరికా ప్రయోగాల్లో కనపడదు, మన దగ్గర అందరి నోటా వినపడుతుంది. "సాయం చేస్తే స్టేషన్ చుట్టూ, కోర్టు చుట్టూ తిరగాలి." దీన్ని పిరికితనం అని కొట్టిపారేయలేం. అనుభవం నేర్పిన లెక్క ఇది. చట్టం కూడా దీన్ని గుర్తించింది. 2016 మార్చి 30న సుప్రీంకోర్టు, రోడ్డు ప్రమాద బాధితులకు సాయం చేసేవాళ్లను వేధించకుండా కేంద్రం రూపొందించిన మార్గదర్శకాలకు ఆమోదం తెలిపింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 134ఎ అనే సెక్షన్ చేరింది. సదుద్దేశంతో సాయం చేసినవాడి మీద, బాధితుడికి ఏమైనా అయినా, సివిల్ గానీ క్రిమినల్ గానీ కేసు ఉండదు. పేరు, అడ్రసు చెప్పమని బలవంతం చేయకూడదు. సాయం చేసినవాళ్లకు 2021లో మొదలైన 5,000 రూపాయల బహుమతిని తర్వాత 25,000కు పెంచారు. ఒక చిన్న పేచీ ఉంది: ఈ సెక్షన్ వాహన ప్రమాదాల గురించే. షాపు మెట్ల మీద ఒరిగినవాడు దీని కిందికి రాడు.

కేవలం మనస్తత్వమే కారణం అనేవాళ్లూ, కేవలం వ్యవస్థే కారణం అనేవాళ్లూ ఇక్కడ వాదించుకుంటారు. ఐదు మెట్ల మీద పెట్టి చూస్తే ఇద్దరికీ చోటుంది. మొదటి మూడు మెట్ల మీద గుంపు పనిచేస్తుంది, ఐదో మెట్టు మీద స్టేషన్ భయం. చట్టం మార్చగలిగేది ఐదో మెట్టునే.

బుడమేరులో ఈ సిద్ధాంతం ఎక్కడికి పోయింది

ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల రికార్డు వరద, ఇంకోవైపు బుడమేరు గండ్లు. ఆ రోజుల్లో జనం పడవలు, ట్రాక్టర్లు, లారీ ట్యూబులు, దొరికింది దొరికినట్టు వేసుకుని దిగారు. వేలమంది చూస్తున్నా బాధ్యత పలచబడలేదేం?

ఒక కారణం తేలిక. నడుములోతు నీళ్లను చూసి "ఏమీ లేదేమో" అని ఎవరూ అనుకోలేరు. రెండో మెట్టు లేనే లేదు. 2011లో పీటర్ ఫిషర్ బృందం పాత ప్రయోగాలన్నిటినీ కలిపి చూసినప్పుడు కూడా, ఆపద ప్రమాదకరంగా, స్పష్టంగా ఉన్నచోట చూపరుల ప్రభావం తగ్గుతుందనే తేలింది.

రెండో కారణం, 'మనవాళ్లు' అన్న భావం. 2005లో ఇంగ్లండ్‌లోని లాంకస్టర్‌లో మార్క్ లెవీన్ బృందం మాంచెస్టర్ యునైటెడ్ అభిమానుల ముందు ఒక మనిషిని జారిపడేట్టు చేసింది. వాళ్ల జట్టు చొక్కా వేసుకుని ఉంటే ఎక్కువమంది ఆగి లేపారు. ప్రత్యర్థి లివర్‌పూల్ చొక్కా అయితే తక్కువమంది. కానీ ముందుగా "ఫుట్‌బాల్ అభిమానులుగా మీరు" అని మాట్లాడించి పంపితే, లివర్‌పూల్ చొక్కావాడినీ లేపారు. గీత ఎక్కడ గీశామన్నదాన్ని బట్టి మనవాళ్లు మారిపోయారు. వరద ఆ గీతను ఊరి చుట్టూ గీసింది. లండన్‌లో 2005 జులై 7 బాంబు పేలుళ్ల నుంచి బయటపడినవాళ్లతో మాట్లాడిన జాన్ డ్రూరీ కూడా ఇలాంటిదే చెప్పాడు. ఒకే ఆపదలో చిక్కుకున్న అపరిచితులు తొక్కుకుంటూ పరిగెత్తడం అరుదని, అక్కడికక్కడే ఒక 'మనం' పుడుతుందని. అలాగని అందరూ దేవుళ్లయిపోరు. పడవ ఎక్కించడానికి వేలు అడిగినవాళ్ల కథలూ ఆ వారంలోనే విన్నాం.

కెమెరాలు చెప్పిన సంగతి

ప్రయోగశాల పక్కనపెట్టి వీధిలో చూస్తే? రిచర్డ్ ఫిల్పాట్ బృందం బ్రిటన్‌లోని లాంకస్టర్, నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరాల్లో సీసీ కెమెరాలకు దొరికిన 219 వీధి గొడవలను పరిశీలించి, 2019లో ఫలితాలు బయటపెట్టింది. పదింట తొమ్మిది గొడవల్లో కనీసం ఒక్కరైనా విడదీయడానికో ఓదార్చడానికో ముందుకొచ్చారు. చుట్టూ జనం పెరిగేకొద్దీ ఎవరో ఒకరు కల్పించుకునే అవకాశం పెరిగింది కూడా. ఇది డార్లీ లెక్కను కొట్టేయలేదు. ఫిట్స్ ప్రయోగం ఒక్కొక్కరి అవకాశాన్ని కొలిచింది, ఈ కెమెరాలు బాధితుడికి సాయం అందిందా లేదా అని చూశాయి. మనం పైన విడదీసిన రెండు కోణాలే. మన వాట్సాప్‌కు వచ్చే వీడియోలు ఆ మిగిలిన పదోవంతువి. ఎవరో వచ్చి లేపిన తొమ్మిదింటిని ఎవరు ఫార్వర్డ్ చేస్తారు?

కనిపించని గుంపు

గుంటూరు బ్రాడీపేటలో మా బావగారి అపార్ట్‌మెంట్ గ్రూపులో వందకు పైగా సభ్యులున్నారు. ఒకరోజు రాత్రి లిఫ్ట్‌లో ఒక పెద్దావిడ ఇరుక్కుపోతే, వాళ్లబ్బాయి "ఎవరైనా లిఫ్ట్ తాళం తీసుకురండి ప్లీజ్" అని గ్రూపులో పెట్టాడు. నీలం టిక్కులు పడుతూనే ఉన్నాయి. తాళం ఎవరి దగ్గరుందో తెలిసినవాళ్లంతా, అది తెలిసిన ఇంకొకరు ఈపాటికి వెళ్లే ఉంటారనుకున్నారు. పాట్రిక్ మార్కీ 2000లో ఇంటర్నెట్ చాట్ గ్రూపుల మీద చేసిన పరిశోధనలో సరిగ్గా ఇదే కనిపించింది. గ్రూపులో మనుషులు పెరిగేకొద్దీ సాయం ఆలస్యమైంది. ఒకరిని పేరు పెట్టి అడిగినప్పుడు ఆ తేడా మాయమైంది.

అబ్బాయికి ఆ పరిశోధన సంగతి తెలిసే వీలు లేదు. విసిగిపోయి రెండో మెసేజ్ పెట్టాడు: "304 అంకుల్, తాళం మీ దగ్గరే ఉంది కదా?" బావగారు ఉండేది 304లోనే. చెప్పులు కూడా వేసుకోకుండా దిగారట.